దిగిపోయాక గాలం పట్టండి

సింగరేణిలో సర్వీసు దిగిపోయిన మనిషికి మొదటి కొన్ని నెలలు నిద్ర మాట వినదు. అరవై ఒక్కటో ఏట దండలు వేసి, శాలువా కప్పి, బాయి (గని) గేటు దాకా వచ్చి సాగనంపుతారు. మర్నాడు ఐదింటికే మెలకువ వస్తుంది. మస్టర్ పడేది లేదు, క్యాప్‌లాంపు తీసుకునేది లేదు. ఫస్ట్ షిఫ్టుకు పోయే బండ్ల చప్పుడు వింటూ మంచం మీద దొర్లడం తప్ప ఏమీ తోచదు. ఎన్టీపీసీ నుంచి దిగినవాళ్ళదీ ఇదే బాధ. ముప్పై ఏళ్ళు షిఫ్టు లెక్కన బతికిన ఒళ్ళు ఒక్క రోజులో మారదు.

అప్పుడు చాలామంది పోయే దారులు మనకు తెలిసినవే. పొద్దున టీ కొట్టు, మధ్యాహ్నం టీవీ, సాయంత్రం బ్రాండి షాపు. దీన్ని నేను మనిషి బలహీనత అనుకోను. చేతులకు పని లేకపోవడం వల్లే ఇదంతా వస్తుందని నా నమ్మకం. బాయిలో చేసినవాళ్ళ చేతులకు ఉండే పనితనం చిన్నది కాదు. టింబర్‌మన్ పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వింటాడు. గట్టి చప్పుడా, డొల్ల చప్పుడా అన్నదాన్ని బట్టి అడుగు ముందుకు వేయాలో, వెనక్కి తీయాలో చెబుతాడు. ఫిట్టర్ చీకట్లో వేళ్ళతో తడిమి బోల్టు ఎక్కడ వదులైందో కనిపెడతాడు. ఆ వేళ్ళను ఒక్కసారిగా టీవీ రిమోట్‌కు అప్పగిస్తే మనిషి లోపల్నుంచి చిన్నబోతాడు.

ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒక్కటే పని, కాకపోతే అందులో రెండు పాళ్ళున్నాయి. ఇంట్లో కూర్చుని ఈకలతో, దారంతో ఎర కట్టడం ఒక పాలు. తెల్లవారుజామున ఆ ఎరను గాలానికి తగిలించి గోదావరి ఒడ్డున నిలబడటం రెండో పాలు. మొదటిది చేతికి, రెండోది కాలికీ కంటికీ. తొందరపడితే రెండూ చెడతాయి. టార్గెట్ల కింద బతికినవాళ్ళకు నేను ఇంకేదీ కాకుండా దీన్నే చెప్పడానికి కారణం అదే.

గనిలో పనిచేసినవాళ్ళకు నీళ్ళతో ఇంకో లెక్క కూడా ఉంది. మన దగ్గర నీళ్ళంటే మోటార్లు పెట్టి తోడాల్సిన శత్రువు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు చొచ్చుకొచ్చి 17 మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో పనిచేసినవాళ్ళెవరూ దాన్ని మరిచిపోలేదు, మరిచిపోకూడదు కూడా. నీటి అంచున ఊరికే నిలబడటం కొందరికి కష్టంగానే ఉంటుంది. వాళ్ళు మొదట్లో గాలం తీసుకుపోకుండా, పొద్దున పూట ఒడ్డు వెంట నడిచి వస్తే చాలు. భయం పోవాలని పంతం పట్టొద్దు. ఏ మలుపులో నీళ్ళు ఎట్లా పోతున్నాయో కన్ను పట్టుకున్నాక కాలు దానంతటదే నిలబడుతుంది.

ఈకల ఎర మనకు కొత్తగా కనిపిస్తుంది గానీ లోకానికి పాతదే. దీన్ని ఇంగ్లీషువాళ్ళు ఫ్లై అంటారు. రోమన్ రచయిత ఈలియన్ సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో మాసిడోనియాలోని ఒక నది దగ్గర జాలర్లు చేసే పని గురించి రాశాడు. నీటి మీద వాలే ఒక రకం ఈగను అక్కడి చేపలు ఎగబడి తింటాయి. ఆ ఈగను చేత్తో పట్టుకుంటే రంగు పోయి, రెక్కలు వాడి పనికిరాకుండా పోతుంది. అందుకని వాళ్ళు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింద ఉండే మైనం రంగు ఈకలు రెండు కట్టేవాళ్ళు. కర్ర పొడవు ఆరడుగులు, దారం కూడా అంతే. ఆ లెక్కన గోదావరిఖనిలో సామాను కోసం మీరు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఉన్ని గొంగడిలో ఉంది, ఈక పక్కింటి పుంజు మెడ మీద ఉంది.

జపాన్‌లో కొండవాగుల దగ్గర టెంకరా అనే పద్ధతి ఉంది. చక్రం ఉండదు. పొడవాటి సన్నని కర్ర కొసకు దారం కట్టి, దాని చివర ఈకల ఎర పెడతారు. మన వాగుల దగ్గర పిల్లలు పట్టుకునే గాలపు కర్ర కూడా అట్లాంటిదే. తేడా అంతా ఎరలో ఉంది. మనం ఎర్రనో, పిండినో గుచ్చి బెండు మునిగేదాకా కూర్చుంటాం. వాళ్ళు ఎరను విసిరి, దానికి ప్రాణం ఉన్నట్టు ఆడిస్తారు. అక్కడి పెద్దలు కొందరు ఏడాదంతా ఒకే రకం ఎరతో సరిపెట్టుకుంటారు. ఇంగ్లండు, అమెరికా పుస్తకాల్లో చూపించే వేలకు వేల ఖరీదు చేసే చక్రాలు, దారాలు చూసి బెదిరిపోకండి. చల్లటి వాగుల్లో పెరిగే ట్రౌట్ చేప కోసం తయారైన సరంజామా అది. గోదావరికి మన కర్ర చాలు. మన దేశపు చెరువుల్లో గాలం వేయడం మీదే హెన్రీ సల్లివన్ థామస్ అనే మద్రాసు ప్రెసిడెన్సీ అధికారి 1887లో ఏకంగా ఒక పుస్తకం వేశాడు. ఇంగ్లండులో బట్టల వ్యాపారం చేసిన ఐజాక్ వాల్టన్ గాలం వేటపై రాసిన పుస్తకం 1653లో వచ్చేనాటికి అతని వయసు అరవైకి దగ్గర. తొంభై ఏళ్ళు బతికి, ఆ పుస్తకానికి కొత్త సంగతులు కలుపుతూ పోయాడు.

ఇక కట్టడం దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

ముందు ఈక. చికెన్ సెంటర్‌లో దొరికే బ్రాయిలర్ కోడి ఈక పనికిరాదు. ఆరేడు వారాల్లో కోసేసే కోడికి మెడ ఈక ముదరదు, మెత్తగా ఉండి నీళ్ళలో అతుక్కుపోతుంది. ఏడాది దాటిన నాటు పుంజు కావాలి. మెడ వెనక సన్నగా, పొడవుగా, వెలుగులో మెరిసే ఈకలు ఉంటాయి, అవే తీయాలి. ఎవరింట్లోనైనా పండక్కి పుంజును కోస్తే మెడ ఈకలు నాకు పెట్టమని ముందే చెప్పుకోండి. తెచ్చాక గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల షాంపూ వేసి కడిగి, పలచటి బట్ట కప్పి ఎండబెట్టాలి. పూర్తిగా ఆరకపోతే పురుగు పడుతుంది. ఆరాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో నాలుగు కలరా ఉండలతో దాచుకోవాలి. మనవలు, మనవరాళ్ళు ఉన్న ఇంట్లో ఆ డబ్బా అటక మీద ఉండాలి. నెమలి ఈకల జోలికి పోవద్దు. నెమలిని పట్టినా, చంపినా 1972 వన్యప్రాణి చట్టం కింద పెద్ద నేరం. ఆ పేచీ మనకెందుకు, పుంజు ఉండగా!

తర్వాత ఉన్ని. పాత గొంగడి అంచు నుంచి చిటికెడు నల్ల ఉన్ని పీకితే ఎన్నో ఎరలకు వస్తుంది. దారం టైలర్ దగ్గర దొరికే సన్న రకం. దాన్ని కొవ్వొత్తి మీదో, తేనెమైనం మీదో ఒక్కసారి లాగితే జారకుండా పట్టు దొరుకుతుంది. గాలం పట్టి ఉంచడానికి చిన్న వైస్ కావాలి. వర్క్‌షాపులో చేసినవాళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు, ఇనుప ముక్కలు రెండు, ఒక స్క్రూ ఇస్తే సాయంత్రానికి తయారుచేసి పెడతారు. అట్లాంటి స్నేహితుడు ఉంటే వైస్ అతనితో చేయించుకుని, మొదటి ఎర అతనికే కట్టివ్వండి.

గాలాన్ని వైస్‌లో బిగించి, కన్ను దగ్గర నుంచి వంపు దాకా దారాన్ని చుట్టు పక్కన చుట్టు పడేట్టు చుట్టాలి. గాలం మీద నేరుగా ఈక కడితే నిలవదు, కింద ఈ దారపు పరుపు ఉండాలి. వంపు దగ్గర ఆపి, ఉన్నిని దారం మీద బొటనవేలితో, చూపుడువేలితో ఒకే వైపుకు నలుపుతూ సన్నటి వత్తిలా చేయాలి. వత్తి చేసేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు, కార్తీక మాసంలో రోజూ చేస్తారు. మొదటి రోజు మీ ఇల్లాలి వేళ్ళు చూసి నేర్చుకోండి. ఆ ఉన్ని వత్తిని వెనక్కి, అంటే కన్ను వైపుకు చుట్టుకుంటూ వస్తే పురుగు ఒళ్ళు తయారవుతుంది. ఉన్ని ఎప్పుడూ మీరు అనుకున్నదానికన్నా తక్కువే పట్టాలి, లావెక్కితే పురుగులా కనిపించదు.

కన్నుకు రెండు మిల్లీమీటర్ల ఇవతల ఆగి ఈకను కట్టాలి. ఈక అడుగున ఉండే నూగును పీకేసి, కాడను దారంతో మూడు చుట్లు బిగించి, కొసను పట్టుకుని గాలం చుట్టూ నాలుగు చుట్లు తిప్పాలి. అప్పుడు ఈక పోగులు గొడుగు విప్పినట్టు చుట్టూ నిలబడతాయి. వాటిని గాలం కన్ను వైపుకు వాలేట్టు వేళ్ళతో నొక్కి పట్టి, వెనక నాలుగు చుట్లు దారం వేస్తే అట్లాగే నిలిచిపోతాయి. జపాన్ పద్ధతి ఇది. నీళ్ళలో కర్ర కొస కొంచెం ఎత్తితే ఆ పోగులు వెనక్కి ముడుచుకుని, వదిలితే మళ్ళీ విచ్చుకుంటాయి. ఊపిరి తీసుకునే పురుగులా కదులుతుంది. కర్ర పట్టుకున్న మనిషికి ఇక వేరే హంగులేవీ అక్కర్లేదు. చివర మూడు ముడులు వేసి, దారం కోసి, ముడి మీద ఒక చుక్క గోళ్ళ రంగు పెడితే పని పూర్తయింది.

నిదానంగా కడితే ఒక ఎరకు చాలాసేపు పడుతుంది, పట్టనివ్వండి. కంట్లో శుక్లాలుంటే ముందు ఆ ఆపరేషన్ సంగతి చూసుకోవాలి. మెడికల్ కార్డు ఉన్నది అందుకే కదా. కళ్ళద్దాలతో పాటు స్టాండు మీద నిలిచే భూతద్దం ఒకటి కొనుక్కుంటే మెడ నొప్పి రాదు. ఏళ్ళ తరబడి డ్రిల్లు పట్టినవాళ్ళకు వేళ్ళు తిమ్మిరెక్కుతుంటాయి. వాళ్ళు పెద్ద సైజు గాలాలతో మొదలుపెట్టి, కొంతసేపు కట్టి కొంతసేపు ఆగాలి. వేసవిలో 45 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలు మన రామగుండానివి. ఆ పూటలన్నీ కూలర్ ముందు ఎరలు కట్టుకోవడానికే అనుకోండి.

ఇప్పుడు నది. 2019లో సుందిళ్ల బ్యారేజీ వచ్చాక గోదావరిఖని వంతెన దగ్గర నది నిండుగా నిలిచింది. 2023 అక్టోబరులో దిగువన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక ఈ బ్యారేజీల గేట్లన్నీ తెరిచారు. అప్పటి నుంచి ఎండాకాలం నది మళ్ళీ పాయలు పాయలుగా, రాళ్ళ మధ్య మడుగులుగా పారుతోంది. రైతుకు అది బాధ, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. గాలం వేసేవాడికి మాత్రం చదువుకోవడానికి పాయే సులువు. నీళ్ళు వేగంగా వచ్చి నిదానించే చోటు, రాయి వెనక తిరిగే సుడి, తుంగ పొద నీడ — ఈ మూడు చోట్లే చేప నిలబడుతుంది, ఎందుకంటే తిండి దాని నోటి దాకా అక్కడే కొట్టుకొస్తుంది. పైకప్పు చప్పుడు విని గట్టిదనం చెప్పినవాళ్ళకు నీటి మీది గీత చూసి అడుగు సంగతి చెప్పడం ఎక్కువ రోజులు పట్టదు.

ఎగువన 20 టీఎంసీల ఎల్లంపల్లి జలాశయం ఉంది. దాని గేట్లు ఎత్తితే దిగువ పాయల్లో నీళ్ళు ఉన్నట్టుండి పెరుగుతాయి. వానాకాలంలో గేట్ల కింద నిలబడటం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. నది మధ్య రాళ్ళ మీదికి ఏ కాలంలోనూ పోవద్దు. మూసేసిన ఓపెన్‌కాస్ట్ గుంతల్లో నీళ్ళు నీలంగా, అందంగా కనిపిస్తాయి. ఒడ్డు మట్టి వదులు, అంచు నుంచే లోతు, జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మనకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు, పిల్లలకు కూడా చెప్పండి. కరెంటు ప్లాంటు బూడిద చెరువుల్లో పట్టిన చేప తినవద్దు. సౌర పలకలు తేలే ఎన్టీపీసీ జలాశయంలో బయటివాళ్ళకు పని లేదు. ఇంకొకటి, మన ఊళ్ళో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది హైటెన్షన్ తీగలు. ఎటు చూసినా ఉన్నాయి. కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది, తడిసిన వెదురును కూడా నమ్మలేం. తల పైకెత్తి చూశాకే కర్ర పైకెత్తాలి.

చెరువుల మీద, జలాశయాల మీద మత్స్య సహకార సంఘాలకు హక్కులుంటాయి. ముదిరాజులు, గంగపుత్రులు తరతరాలుగా చేపల మీదే బతుకుతున్నారు. 2016 నుంచి ప్రభుత్వం ఇచ్చే చేప పిల్లల్ని ఆ నీళ్ళలో పోసి పెంచుకుంటున్నారు. పెన్షన్ వచ్చే మనం సరదాకు పోయి వాళ్ళ కూటికి అడ్డం రావడం తగదు. అడగడానికి రెండు మాటలు చాలు.

"తమ్మీ, ఒక్క గాలం వేసుకుంటా, వల గిల ఏం లేదు. వేసుకోవచ్చునా?"

"వేసుకో కాకా. చిన్నయి పడితే మళ్ళ నీళ్ళల్లనే ఇడువు."

వద్దంటే వద్దు, ఇంకో చోటు చూసుకోవాలి. చాలాసార్లు అతనే ఏ మడుగులో ఏ పొద్దుకు చేప పైకి లేస్తుందో చూపిస్తాడు. ఆ చదువు ఏ పుస్తకంలోనూ దొరకదు.

విసరడం గురించి కొద్దిగా. పది పన్నెండు అడుగుల సన్నటి కర్ర, దాని పొడవుకు సరిపడా మూడు నైలాన్ పోగులు పేనిన దారం, చివర మూడడుగుల సన్న దారం. మోచేయిని పక్కటెముకకు ఆనించి, కర్రను పైకి లేపి నిలువుగా ఆపండి. దారం వెనక్కి పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు వంచండి. కోల్‌ఫిల్లర్లుగా చేసిన బలమైన భుజాలవాళ్ళు మొదట ఇక్కడే తడబడతారు, బలం పెడితే దారం చిక్కుపడి ఎదురుగానే కుప్పగా పడుతుంది. ఆ చిన్న ఆగడం అలవాటు కావాలి. ఇంటి ముందు ఖాళీ జాగాలో, గాలం ముల్లు తీసేసి, ఉన్ని ముక్క కట్టి సాధన చేయండి. నీటి దగ్గర తలకు టోపీ, కళ్ళకు అద్దాలు తప్పనిసరి, గాలం వెనక్కి పోయేటప్పుడు కంటి పక్కనుంచే పోతుంది.

ఈ ఎరకు పరిగెలు, తిలాపియా బాగా వస్తాయి. బొచ్చె రాదు, అది నీళ్ళలోని సూక్ష్మజీవుల్ని జల్లించుకు తినే చేప, దానికోసం విసిరి అలసిపోవద్దు. నీళ్ళు ఎర్రగా పారే రోజుల్లో చేపకు ఎర కనిపించదు, అప్పుడు ఇంట్లో కూర్చుని కట్టుకోవాలి, లేదా మామూలు ఎర్ర గుచ్చుకోవాలి. చలికాలంలో తెల్లవారుజామునే పరుగెత్తనక్కర్లేదు, ఎండ నీటిని తాకాకే చేప కదులుతుంది. దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు మంచు గాలి పడదు కాబట్టి ఆ ఆలస్యం మీకూ మేలే. అసలు పండగ తొలకరికి వస్తుంది. మొదటి వాన కురిసిన సాయంత్రం ఉసిళ్ళు లేచి దీపాల చుట్టూ ముసురుతాయి. నీటి మీద రాలిన ఉసిళ్ళ కోసం చేపలు పైకొచ్చి టపటపా కొడతాయి. గోధుమరంగు దారం ఒళ్ళుగా, తెల్ల ఈక కొసలు రెండు రెక్కలుగా కట్టిన ఎరలు ఎండాకాలంలోనే సిద్ధం చేసి పెట్టుకున్నవాళ్ళకు ఆ రెండు మూడు సాయంత్రాలు దక్కుతాయి.

డబ్బు మాట. గ్రాట్యుటీలోంచి ఒక్క రూపాయి దీనికి తీయొద్దు. నెల పెన్షన్లో టీకి పెట్టేంత చాలు. మందు మాట కూడా తప్పించుకోకుండా చెబుతాను. గాలం పేరు చెప్పి ఒడ్డున సీసా తెరిచే బృందాలున్నాయి. తాగినవాడి కాలు జారితే లేవలేడు. అట్లాంటి జట్టు ఎంత దగ్గరివాళ్ళదైనా పోవద్దు. ఒంటరిగా కూడా పోవద్దు. ఇద్దరు చాలు, మాట వినపడేంత దూరంలో నిలబడేవాళ్ళు. ఫలానా చోటికి పోతున్నా, ఎనిమిదింటికి వస్తా అని ఇంట్లో చెప్పి పోవాలి, చెప్పిన వేళకే రావాలి. ఇన్నేళ్ళు షిఫ్టు దిగి ఎప్పుడొస్తాడా అని గుమ్మం వైపు చూసిన మనిషిని మళ్ళీ అట్లా నిలబెట్టకూడదు. వీలైతే ఆమెను కూడా ఎర కట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. వత్తి ఆమె చేస్తే ఈక మీరు చుట్టొచ్చు.

మృగశిర కార్తెకు మన ఇళ్ళల్లో చేప కూర తప్పదు. ఆ ఒక్క రోజు బజారు చేపే తెచ్చుకోండి, ఎందుకంటే అప్పటికి నదిలో చేపలు గుడ్లతో ఉంటాయి. వానలు ముదిరాక చెరువు అంచున, గడ్డి పక్కన, నీటి పైపైన ఎర్రటి చిన్న పిల్లల గుంపు ఒకటి ముద్దగా కదులుతూ కనిపిస్తుంది. అవి కొర్రమీను పిల్లలు, మన రాష్ట్ర చేప పిల్లలు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, పైన ఏది పడ్డా మీద పడతాయి. ఎర వేస్తే ఖాయంగా పడుతుంది, పెద్ద చేపే పడుతుంది. పట్టినవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు కూడా. కానీ కాపలా పోయిన ఆ పిల్లల్ని మిగతా చేపలు, కొంగలు పూట గడవకముందే తినేస్తాయి. కాబట్టి ఆ గుంపు కనిపించిన చోట దారం చుట్టేసి, దూరంగా ఇంకో మడుగుకు పోండి. మీ వెంట మనవడో మనవరాలో ఉంటే కాసేపు ఆగి ఆ గుంపును చూపించి, దానికింద ఎవరున్నారో చెప్పి మరీ తీసుకుపోండి.